25, 50, 100, 120: వేగంగా కదిలేవాళ్లను తీయడానికి ఏ ఫ్రేమ్ రేట్?

ల్యాప్‌టాప్ మీద వీడియో ఆపి బ్యాడ్మింటన్ కోచ్ అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది: "పాప ఎడమ కాలు ఎక్కడుందండీ ఇందులో?"

స్క్రీన్ మీద పన్నెండేళ్ల అమ్మాయి. ముఖం స్పష్టంగా ఉంది. రాకెట్ పట్టుకున్న చేయి ఫరవాలేదు. మోకాలి కింద మాత్రం తెల్లటి చార, అంతే. బాణం గుర్తు నొక్కి ఒక్క ఫ్రేము ముందుకు జరిపాం. కాలు అప్పటికే నేల మీద ఆనింది. ఆ కాలు ముందు మడమ మీద దిగిందా, మునివేళ్ల మీద దిగిందా అన్నదే కోచ్‌కి కావాలి. అది ఆ రెండు ఫ్రేముల మధ్య జరిగిపోయింది. నేను తీసింది 4కే వీడియో, సెకనుకు 25 ఫ్రేములు. చూడ్డానికి ఎంత బాగుందో, ఆయన పనికి అంత పనికిరాకుండా పోయింది.

ఆ రోజు నుంచి బ్యాడ్మింటన్, కబడ్డీ, క్రికెట్ నెట్స్, స్కూల్ ఫంక్షన్లు తీస్తూ ఈ ఫ్రేమ్ రేట్ల సంగతి ఒక్కొక్కటిగా తెలుసుకున్నాను. పిల్లల ఆట తీసుకునే అమ్మానాన్నలూ, కొత్తగా కెమెరా పట్టిన తమ్ముళ్లూ అడిగేది ఒకటే: "అన్నా, 50లో పెట్టాలా, 100లో పెట్టాలా?" నా జవాబు ముందే చెప్పేస్తాను. మన దగ్గర, హాలులో లైట్ల కింద ఆటలు తీసేవాళ్లలో ఎక్కువమందికి 50పి, అంటే సెకనుకు 50 పూర్తి ఫ్రేములు, సరిపోతుంది. ఎవరికి సరిపోదో, ఎందుకు సరిపోదో కింద వివరంగా రాస్తున్నాను.

## వేగం సంగతి తర్వాత, ఏం కనబడాలో ముందు తేల్చుకోండి

చాలామంది ఆట ఎంత వేగమో చూసి ఫ్రేమ్ రేట్ ఎంచుకుంటారు. లెక్క అక్కడే తప్పుతుంది.

మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి కొట్టిన స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. 2023లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. రాకెట్‌ని వదిలిన క్షణంలో అది సెకనుకు దాదాపు 157 మీటర్లు. ఆ వేగం అలాగే నిలిచిందనుకుంటే, సెకనుకు 25 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య షటిల్ ఆరు మీటర్లకు పైగా దాటేస్తుంది. 50లో మూడు మీటర్లు. 240లో కూడా 65 సెంటీమీటర్లు. కోర్టు పొడవే మొత్తం 13.4 మీటర్లు! ఈకల వల్ల షటిల్ గాలిలో వెంటనే నెమ్మదిస్తుంది కాబట్టి నిజంగా తీసినప్పుడు ఇంత తేడా ఉండదు. అయినా షటిల్‌ని పట్టుకోవాలని ఫ్రేమ్ రేట్ పెంచుకుంటూ పోతే మనం కొనగలిగే ఏ క్యామ్‌కార్డరూ చాలదు.

కోచ్ అడిగింది షటిల్‌ని కాదు, కాలుని. కోర్టులో చురుగ్గా కదిలే పిల్లల కాలు సెకనుకు 5 మీటర్ల వేగంతో కదులుతోందనుకోండి. 25లో ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 20 సెం.మీ. పోతుంది. 50లో 10, 100లో 5. అంటే 25లో ఇంచుమించు ఒక బూటంత దూరం మన కంటికి దొరకదు. 50లో సగం బూటు. 100కి వచ్చేసరికి మడమ ముందా, వేళ్లు ముందా అన్నది తేల్చి చెప్పొచ్చు.

కబడ్డీలో బోనస్ గీత దగ్గరా ఇదే పేచీ. గీత దాటిన కాలు నేలను తాకినప్పుడు రెండో కాలు గాలిలో ఉందా లేదా అన్నది తేలాలి. ఊళ్లో జరిగే టోర్నమెంట్లలో దీని మీద గొడవైనప్పుడు "వీడియో ఉందా?" అంటూ జనం నా దగ్గరికే వస్తారు. 50పిలో ఈ తగాదాలు చాలావరకు తేలిపోతాయి. 25లో తీసినప్పుడు మాత్రం ఇద్దరూ తమదే నిజమని అదే వీడియో చూపించిన సందర్భాలు చూశాను.

అందుకే మొదటి ప్రశ్న ఇది: ఈ వీడియోని మామూలు వేగంతో చూస్తారా, స్లో చేసి చూస్తారా, లేక ఫ్రేము ఫ్రేముగా ఆపి పరిశీలిస్తారా? మామూలుగా చూడటానికి 50 చాలు. సగం వేగానికి స్లో చేయడానికీ 50 చాలు. కాలుని, మణికట్టుని, మోచేతిని ఆపి పరిశీలించాలంటేనే 100 పైకి వెళ్లాలి.

## చారను తగ్గించేది షట్టర్

ఈ రెండింటినీ కలిపేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. సెకనుకు ఎన్ని బొమ్మలు అన్నది ఫ్రేమ్ రేట్. ఒక్కో బొమ్మ ఎంత సేపు వెలుతురు తీసుకుంటుంది అన్నది షట్టర్. 50పిలో పెట్టి షట్టర్‌ని 1/50 దగ్గరే వదిలేస్తే బొమ్మలు రెట్టింపవుతాయి గానీ ప్రతి బొమ్మలోనూ కాలు 10 సెం.మీ. సాగి ఉంటుంది.

ఆ 10 సెం.మీ. స్క్రీన్ మీద ఎలా ఉంటుందో చూద్దాం. కోర్టు పొడవంతా పక్కనుంచి ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో పట్టిస్తే ఒక మీటరుకి దాదాపు 143 పిక్సెళ్లు వస్తాయి. 10 సెం.మీ. అంటే 14 పిక్సెళ్ల చార. అందులో బూటు లేసు కాదు కదా, బూటు అంచే కనబడదు. షట్టర్ 1/250 చేస్తే చార 2 సెం.మీ.కి తగ్గుతుంది, అంటే మూడు పిక్సెళ్లు. ఒక్కసారిగా కాలు కాలులా కనబడుతుంది.

మామూలుగా చెప్పే పద్ధతి, షట్టర్‌ని ఫ్రేమ్ రేట్‌కి రెట్టింపు పెట్టమని: 25కి 1/50, 50కి 1/100, 100కి 1/200. చూసే కంటికి కదలిక సహజంగా ఉండటానికి ఇది మంచిదే. పరిశీలన కోసం తీసేటప్పుడు ఇంకా పైకి, 1/500 దాకా కూడా వెళ్లొచ్చు. ఆ వీడియోని మామూలు వేగంతో చూస్తే కదలిక కొంచెం కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. కోచ్‌కి దానితో పని లేదు.

అడ్డొచ్చేది వెలుతురు. షట్టర్ రెట్టింపు చేసిన ప్రతిసారీ లోపలికి వచ్చే వెలుతురు సగమైపోతుంది. 1/50 నుంచి 1/500కి వెళ్తే పదో వంతే మిగులుతుంది. ఆ లోటు పూడ్చడానికి కెమెరా 20 డెసిబెల్స్ గెయిన్ పెంచాలి, అంటే అందిన కాస్త వెలుతురునే లోపల పెద్దది చేసి చూపించాలి. చిన్న సెన్సార్ ఉన్న హ్యాండీక్యామ్‌లో అంత గెయిన్ అంటే బొమ్మంతా గ్రెయిన్సే. మధ్యాహ్నం ఎండలో క్రికెట్ తీసేవాళ్లకి ఈ బాధ లేదు. సాయంత్రం ఆరు దాటాక స్కూల్ గ్రౌండులో తీసేవాళ్లకి మొత్తం బాధ ఇదే.

## మన కరెంటు 50 హెర్ట్జ్, ఇది మర్చిపోవద్దు

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది ఇక్కడే, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

ఒక ఇండోర్ హాలులో అండర్-15 ఫైనల్. కెమెరాలో ఉన్న పెద్ద నంబరు 120, దాన్నే పెట్టాను. చిన్న స్క్రీన్ మీద అంతా బాగానే కనబడింది. ఇంటికొచ్చి స్లో చేసి చూస్తే హాలు గోడ గుండె కొట్టుకున్నట్టు వెలుగుతూ ఆరుతూ ఉంది. ఎడిటింగ్‌లో ఎన్ని ప్రయత్నాలు చేసినా పూర్తిగా పోలేదు. ఆ పాప గెలిచిన మ్యాచ్. వాళ్ల నాన్నకి ఆ వీడియో ఇస్తుంటే నాకు చాలా బాధ అనిపించింది.

జరిగింది ఇదీ. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. దాని మీద వెలిగే ట్యూబ్‌లైట్లు, మామూలు డ్రైవర్ (లైటుకి కరెంటు అందించే భాగం) ఉన్న ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. సెకనుకు 120 బొమ్మలు తీస్తే ప్రతి బొమ్మకీ ఆ మినుకులో వేరే వేరే భాగం దొరుకుతుంది. 120కీ 100కీ తేడా 20, కాబట్టి సెకనుకు 20 సార్లు వెలుగు పెరిగి తరుగుతుంది. ఆ వీడియోని 25 ఫ్రేములకు స్లో చేస్తే అది సెకనుకు నాలుగుసార్లు కొట్టుకునే ఫ్లికర్ అయి కూర్చుంటుంది. 120లో ఒక్కో బొమ్మకి ఉండే సమయం 1/120 సెకనుకి మించదు. ఒక పూర్తి మినుకుకి 1/100 సెకను కావాలి. కాబట్టి షట్టర్ ఎంత మార్చినా ఇది పూర్తిగా పోదు.

100లో అయితే లెక్క కుదురుతుంది. షట్టర్ 1/100 పెడితే ప్రతి బొమ్మకీ ఒక పూర్తి మినుకు దొరుకుతుంది, వెలుగు నిలకడగా ఉంటుంది. 50పిలో 1/50 గానీ 1/100 గానీ పెట్టినా అంతే. షట్టర్ 1/200, 1/250 చేస్తే మాత్రం కొన్ని లైట్ల కింద వెలుగునీడల పట్టీలు స్క్రీన్ మీద నెమ్మదిగా పాకుతాయి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ కచ్చితంగా 50 దగ్గర నిలబడదు, 49.90 నుంచి 50.05 దాకా కదలడానికి నిబంధనలే అనుమతిస్తాయి. అందుకే ఆ పట్టీలు ఒక చోట ఉండవు. ఫ్లికర్ లేని మంచి డ్రైవర్లు బిగించిన హాళ్లలో ఈ సమస్య ఉండదు. అది హాలు చూస్తే తెలియదు, తీసి చూడాల్సిందే.

అమెరికాలో, కెనడాలో ఉండి పిల్లల ఆటలు తీసుకునేవాళ్లు ఇదంతా తిరగేసి చదువుకోవాలి. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్. మీకు 60, 120 మంచివి, షట్టర్ 1/60 లేదా 1/120. ఇంగ్లాండు, ఆస్ట్రేలియా, దుబాయ్‌లో ఉన్నవాళ్లది మన లెక్కే.

## ఒక్కో ఫ్రేమ్ రేట్ సంగతి

25పి. పెళ్లి వీడియోలకీ, షార్ట్ ఫిల్ములకీ, ఇంటర్వ్యూలకీ బాగుంటుంది. సంక్రాంతికి జరిగే బండలాగుడు పోటీలకి కూడా ఇది చాలు. అక్కడ ఎద్దులు పరుగెత్తవు, బరువుతో పోరాడతాయి. లేచే దుమ్ము, మెడ నరాలు, వెనక అదిలించేవాళ్ల అరుపులు 25లోనే బరువుగా కనబడతాయి. పరుగుకీ దూకుడుకీ మాత్రం ఇది తగదు. 4కే అన్న పేరు చూసి దీనివైపు వెళ్తారు. సోనీ ఏఎక్స్53, ఏఎక్స్700 లాంటి క్యామ్‌కార్డర్లు 4కేలో 25 లేదా 30 దగ్గరే ఆగిపోతాయి, 50 కావాలంటే ఫుల్ హెచ్‌డీకి దిగాలి. ఆటల కోసమైతే నేను ఆలోచించకుండా ఫుల్ హెచ్‌డీ 50కే దిగుతాను. నాలుగు రెట్లు పిక్సెళ్లున్నా, చార చారే. ఇంకా పెద్ద చార.

50ఐ. పాత హ్యాండీక్యామ్‌లు చాలా ఇళ్లల్లో బీరువాలో ఉన్నాయి. టేపు మీద రికార్డు చేసేవీ, 2006 తర్వాత వచ్చిన ఏవీసీహెచ్‌డీ (హెచ్‌డీ వీడియోని రికార్డు చేసే ఒక పద్ధతి) మోడళ్లలో చాలావరకూ ఇందులోనే తీస్తాయి. సెకనుకు 50 సార్లు తీస్తాయి గానీ ప్రతిసారీ సగం గీతలే, ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలు. కంప్యూటర్‌లో చూస్తే కదిలే చేతి అంచున దువ్వెన పళ్లలా కనబడేది అందుకే. దాన్ని చూసి కెమెరా పాడైందని పక్కన పడేయొద్దు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్లేస్ దగ్గర బాబ్ ఎంచుకుంటే ఆ సగం గీతల బొమ్మలన్నీ విడివిడి ఫ్రేములై 50 వస్తాయి. నిలువు స్పష్టత కొంత తగ్గుతుంది, కదలిక మాత్రం పూర్తిగా దక్కుతుంది. ఆ పాత కెమెరాలో 25పి, 50ఐ రెండూ ఉంటే ఆటలకి 50ఐ పెట్టండి.

50పి. నేను నిలబడేది ఇక్కడ. కదలిక నున్నగా ఉంటుంది. ఎడిటింగ్‌లో 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద వేస్తే సగం వేగానికి స్లో అవుతుంది, ఒక్క ఫ్రేము కూడా కల్పించాల్సిన పని లేదు. శబ్దం మామూలుగా రికార్డవుతుంది. మన లైట్ల కింద 1/100 షట్టర్‌తో ఫ్లికర్ రాదు. ఏవీసీహెచ్‌డీకి 2011లో వచ్చిన కొత్త రూపంలో 50పి వేగం సెకనుకు 28 మెగాబిట్లు, అంటే గంటకి 12.6 జీబీ. పెళ్లిళ్ల కెమెరామెన్ దగ్గర ఎక్కువగా కనబడే సోనీ ఎన్‌ఎక్స్100 లాంటి వాటిలో 50 మెగాబిట్ల రికార్డింగ్ పెట్టుకుంటే గంటకి 22.5 జీబీ. ఏ రకంగా చూసినా 64 జీబీ కార్డులో ఒక పూట టోర్నమెంటు సరిపోతుంది.

4కేలో 50పి కావాలంటే పానాసోనిక్ హెచ్‌సీ-ఎక్స్1500 తరహా కెమెరాకి వెళ్లాలి. దూరం నుంచి వైడ్‌గా తీసి, తర్వాత ఎడిటింగ్‌లో ఒక్క ఆటగాడి మీదికి కత్తిరించుకునేవాళ్లకి ఇది బంగారం. ఒక్కడే కెమెరామెన్, ఏడుగురు ఒక వైపు, ఏడుగురు ఒక వైపు ఉండే కబడ్డీలో దీని విలువ తెలుస్తుంది.

60పి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన కెమెరాల్లో కొన్నిటికి 30, 60 తప్ప వేరే దారి ఉండదు. కంగారు పడొద్దు. షట్టర్‌ని ఆటోలో వదలకుండా 1/100 దగ్గర కట్టేస్తే మన లైట్ల కింద కూడా 60పి నిలకడగా వస్తుంది. ఫోన్లలో, కంప్యూటర్లలో స్క్రీన్ చాలావరకు 60 లేదా 120 హెర్ట్జ్ కాబట్టి యూట్యూబ్‌లో చూసేవాళ్లకి 50 కన్నా 60 కాస్త నున్నగానే ఉంటుంది. పగలు ఎండలో తీసి యూట్యూబ్‌లో పెట్టడమే మీ పని అయితే 60 మంచిదని నేనూ ఒప్పుకుంటాను. పక్కన ఇంకో కెమెరామెన్ 50లో తీస్తుంటే మాత్రం ముందే మాట్లాడుకోండి. 50, 60 కలిపి ఒకే టైమ్‌లైన్ మీద వేస్తే ఏదో ఒకటి ఎక్కడో ఒక దగ్గర తడబడుతుంది.

100, 120. పరిశీలనకి అసలైనవి ఇవి. హాలులో 100, ఎండలో ఏదైనా. బౌలింగ్ యాక్షన్‌నే చూడండి. చేయి భుజం ఎత్తుకి వచ్చినప్పటి నుంచి బంతి వదిలేదాకా మోచేయి 15 డిగ్రీలకు మించి చాచుకోకూడదన్నది ఐసీసీ నిబంధన. ఆ కాస్త సమయంలో 25లో దొరికేవి రెండు మూడు ఫ్రేములు. 100లో పదో పన్నెండో. కోచ్ ఒక అభిప్రాయానికి రావడానికి అవి చాలు. డిగ్రీలు కొలవడానికి కాదు, దానికి ప్రత్యేకమైన ల్యాబులు ఉంటాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని కెమెరాల్లో ఇది రెండు రకాలుగా ఉంటుంది. "స్లో మోషన్" మోడ్‌లో తీస్తే ఫైలు నేరుగా నెమ్మదిగా ఆడుతుంది, శబ్దం రికార్డవదు. మామూలు రికార్డింగ్‌లో 100పి ఎంచుకుంటే శబ్దం కూడా వస్తుంది, స్లో చేయడం తర్వాత మన ఇష్టం. రెండోది ఉంటే అదే పెట్టండి. రాకెట్‌కి షటిల్ తగిలిన శబ్దం కోచ్‌కి చాలా విషయాలు చెబుతుంది. ఇంకొకటి, కొన్ని మోడళ్లలో 100 పెట్టగానే బొమ్మ దగ్గరికి జరుగుతుంది, స్పష్టత తగ్గుతుంది, ఫోకస్ ఆటోలో పనిచేయదు. కొనే ముందే దుకాణంలో పెట్టించి చూడండి. ఫైళ్లూ పెద్దవే. 100 మెగాబిట్లయితే గంటకి 45 జీబీ, 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు. కార్డు మీద యూ3 లేదా వీ30 అని, అంటే వేగంగా రికార్డు చేసుకునే కార్డు అన్న గుర్తు, ఉండాలి.

240, ఆ పైన. క్యామ్‌కార్డర్లలో ఇవి చాలాసార్లు కొన్ని సెకన్ల ముక్కలుగానే వస్తాయి, స్పష్టత బాగా తగ్గుతుంది. బ్యాటుకి బంతి తగిలే క్షణం లాంటివి ఎండలో ఒకసారి తీసుకోవడానికి బాగుంటాయి. దీనికోసం కెమెరా కొనక్కర్లేదు, మంచి ఫోన్ ఉంటే అందులోనే 240 ఉంటుంది. హాలు లైట్ల కింద ఫ్లికర్ ఖాయం అనుకోండి.

## ఒకే చోట చూసుకోవడానికి

కింద బంతి లెక్క గంటకి 90 కిలోమీటర్లు వేసే కుర్రాడిది, అంటే సెకనుకి 25 మీటర్లు. మధ్యలో దాటే దూరం అంటే ఒక ఫ్రేముకీ తర్వాతి దానికీ మధ్య బంతి కదిలేది.

| ఫ్రేమ్ రేట్ | మధ్యలో బంతి దాటే దూరం | 25 టైమ్‌లైన్‌లో ఎంత స్లో | మన హాలు లైట్ల కింద | దేనికి |
|---|---|---|---|---|
| 25పి | 1 మీటరు | స్లో అవదు | 1/50 షట్టర్‌తో బాగుంటుంది | వేడుకలు, నెమ్మది కదలికలు |
| 50ఐ | 50 సెం.మీ. | సగం, బాబ్ చేశాక | బాగుంటుంది | పాత కెమెరాతో ఆటలు |
| 50పి | 50 సెం.మీ. | సగం | 1/100తో బాగుంటుంది | ఆటలు, డాన్సు, మ్యాచ్ మొత్తం |
| 60పి | 42 సెం.మీ. | 2.4 రెట్లు | షట్టర్ 1/100 దగ్గర కట్టేయాలి | పగటి ఆటలు, యూట్యూబ్ |
| 100 | 25 సెం.మీ. | నాలుగు రెట్లు | 1/100తో నిలకడ | కోచింగ్, రీప్లే |
| 120 | 21 సెం.మీ. | 4.8 రెట్లు | ఫ్లికర్ వస్తుంది | ఎండలో కోచింగ్ |
| 240 | 10 సెం.మీ. | 9.6 రెట్లు | ఫ్లికర్ వస్తుంది | ఎండలో ఒక్క క్షణం |

## మీరు ఎవరైతే ఏది

పిల్లల మ్యాచ్ తీసి ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యలకి చూపించే అమ్మానాన్నలకి: ఫుల్ హెచ్‌డీ 50పి, షట్టర్ 1/100, గెయిన్ ఆటో. అక్కడితో వదిలేసి ఆట చూడండి. పిల్లలు గెలిచిన పాయింటు కెమెరా స్క్రీన్‌లోంచి చూసి, కళ్లారా చూడని తండ్రులు నాకు చాలామంది తెలుసు. వాట్సాప్‌లో పంపితే నాణ్యత ఎలాగూ తగ్గిపోతుంది, దానికోసం ఫ్రేమ్ రేట్ గురించి టెన్షన్ పడక్కర్లేదు.

కోచ్‌కి ఇవ్వడానికి తీసేవాళ్లకి: మ్యాచ్ మొత్తం 50పిలో, ప్రాక్టీస్ మాత్రం 100లో. మ్యాచ్‌లో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎటు కదిలారు అన్నది కావాలి, ప్రాక్టీసులో కాలూ చేయీ కావాలి. మ్యాచ్ మొత్తం 100లో తీసి ఇస్తే ఆ ఫైళ్లు తెరవడానికే కోచ్‌కి ఓపిక ఉండదు. ప్రాక్టీసులో కెమెరాని స్టాండ్ మీద మోకాలి ఎత్తులో, పక్కనుంచి పెట్టండి. పది షాట్లు చాలు.

కబడ్డీ టోర్నమెంట్లు తీసేవాళ్లకి: 50పి. పందెం రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద అయితే షట్టర్ 1/100 దాటొద్దు. కూతకి వెళ్లినవాడు 30 సెకన్లలో ఎప్పుడు దూకుతాడో తెలియదు కాబట్టి రికార్డింగ్ ఆపకుండా తీయాలి. కొన్ని సెకన్లే తీసే స్లో మోషన్ మోడ్‌లు ఇక్కడ పనికిరావు.

కూచిపూడి, జానపద నృత్యాలు తీసేవాళ్లకి: ఇక్కడ నా మాట కొంచెం గట్టిగానే ఉంటుంది. 100 పెట్టకండి. ఇత్తడి పళ్లెం అంచున నిలబడి తరంగం చేస్తుంటే గజ్జెల చప్పుడుకీ పాదానికీ ఉండే పొత్తే ప్రాణం. స్లో చేస్తే ఆ పొత్తు విడిపోతుంది. 50పి, 1/100. గురువుగారు జతుల్లో పాదం తప్పు దిద్దాలంటే 50ని సగానికి నెమ్మది చేస్తే సరిపోతుంది. స్టేజి మీద రంగురంగుల ఎల్‌ఈడీలు తగ్గించి వెలిగిస్తే ఒక్కోటి ఒక్కో రకంగా మినుకుతుంది. లైట్లు చూసే తమ్ముడితో ముందే మాట్లాడి, ముఖం మీద పడే లైటునైనా పూర్తి వెలుగులో ఉంచమనండి.

పగటిపూట క్రికెట్, రన్నింగ్ తీసేవాళ్లకి స్వేచ్ఛ ఎక్కువ. ఎండకి మినుకు లేదు, వెలుతురుకి కొదవ లేదు. 100 ఉంటే 100, 120 ఉంటే 120, షట్టర్ 1/1000 దాకా వెళ్లండి. 1/1000లో ఆ 90 కిలోమీటర్ల బంతి సాగేది రెండున్నర సెంటీమీటర్లే, సీమ్ ఎటు తిరిగిందో కూడా కొన్నిసార్లు దొరుకుతుంది. బ్యాటు వంగినట్టు కనబడితే ఆశ్చర్యపోకండి. సెన్సార్ బొమ్మని పైనుంచి కిందికి గీత గీతగా చదువుతుంది, చదివేలోపు బ్యాటు కదిలిపోతుంది. షట్టర్ పెంచితే అది పోదు. కొత్త సెన్సార్లలో తక్కువగా ఉంటుంది.

ఇప్పుడు కొత్త కెమెరా కొంటున్నవాళ్లకి ఒక్క మాట. డబ్బా మీద 4కే అని పెద్దక్షరాల్లో ఉన్నదాన్ని చూడకండి. దుకాణంలో మెనూ తెరిపించి మూడు అడగండి: ఫుల్ హెచ్‌డీలో 50పి ఉందా, 100 ఉంటే శబ్దంతో రికార్డవుతుందా, షట్టర్‌ని చేత్తో 1/100 దగ్గర కట్టేయొచ్చా. మూడోది లేని కెమెరా ఎంత చవకగా వచ్చినా ఆటల కోసం కొనొద్దు.

## హాలుకి వెళ్లాక

మ్యాచ్ మొదలయ్యే ముందు, ఆటగాళ్లు వార్మప్ చేస్తున్నప్పుడు పది సెకన్లు తీయండి. అదే ఫ్రేమ్ రేట్, అదే షట్టర్. వెంటనే కెమెరాలోనే నెమ్మదిగా ఆడించండి. ఆటగాళ్లని చూడకండి, వాళ్ల వెనక ఉన్న తెల్ల గోడని చూడండి. గోడ నిలకడగా ఉంటే రికార్డ్ నొక్కండి. మినుకుతుంటే, 120లో ఉంటే ముందు 100కి దిగి, షట్టర్‌ని 1/100కి దించి ఇంకో పది సెకన్లు తీయండి. అప్పటికీ మినుకుతుంటే 100 నుంచి 50కి దిగండి. ఆ పాప ఫైనల్ రోజు వార్మప్ జరుగుతున్న పదిహేను నిమిషాలూ నేను స్టాండ్ సర్దుకుంటూ ఉన్నాను. గోడ నా ఎదురుగానే ఉంది.